చెయ్యి ఎత్తాలనుకుంటే లేస్తుంది, మధ్యలో దేవుడెందుకు? (డెకార్ట్, మాల్‌బ్రాంష్, స్పినోజా, లైబ్నిజ్)

సివిల్స్_సత్తి
ఫిలాసఫీ ఆప్షనల్ తీసుకున్నాను. పాశ్చాత్య హేతువాదుల (ఇంద్రియానుభవం కన్నా బుద్ధినే నమ్ముకున్న రేషనలిస్టుల) దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది, టెన్షన్‌గా ఉంది. నా గైడులో కథ ఇలా ఉంది. డెకార్ట్ మనసును, శరీరాన్ని రెండు వేర్వేరు ద్రవ్యాలుగా (సబ్‌స్టెన్సులుగా) విడదీశాడు. అవి ఒకదానిమీద ఒకటి ఎలా పనిచేస్తాయో చెప్పలేకపోయాడు. ఆ ఇబ్బంది తీర్చడానికి మాల్‌బ్రాంష్ దేవుణ్ణి మధ్యలో పెట్టాడు, స్పినోజా రెండూ ఒకటే అన్నాడు, లైబ్నిజ్ దేవుడు అన్నీ ముందే సర్దిపెట్టాడన్నాడు. నాలుగు పేరాల్లో తేల్చేశారు.

నాకు మింగుడు పడనిది ఇదీ. లైబ్నిజ్ కలనగణితం కనిపెట్టినవాళ్ళలో ఒకడు. అలాంటి మనిషి లోకంలో ఏ ద్రవ్యమూ మరో ద్రవ్యాన్ని ఏమీ చేయదు అని ఎలా అనగలిగాడు? నేను కుర్చీని తోస్తే జరుగుతోంది కదా! మనసుకీ శరీరానికీ మధ్య ఒక చిక్కు వచ్చిందని, లోకంలో ఉన్న కార్యకారణ సంబంధాలన్నీ ఎవరైనా రద్దు చేసుకుంటారా? ద్రవ్యం నిర్వచనం ముగ్గురిదీ బట్టీ పట్టాను. ఎందుకు అలా నిర్వచించారో మాత్రం ఎక్కడా దొరకలేదు.

కాకినాడ_కాజా
కుర్చీ జరిగింది కాబట్టి లైబ్నిజ్ తప్పు అని రాసెయ్యండి. పేపర్ దిద్దేవాడు కూడా కుర్చీలోనే కూర్చుని ఉంటాడు, ఒప్పుకుంటాడు.

పోనీ అది పక్కన పెట్టి, ప్రశ్న మాత్రం బాగుంది. నాకూ తెలుసుకోవాలని ఉంది.

రిటైర్డ్_లెక్చరర్
సత్తీ, నీ గైడులో ఉన్నవి అబద్ధాలు కావు. కానీ కారణం తప్పుగా చెప్పింది. చాలా పాఠ్యపుస్తకాలు ఇదే చెబుతాయి, నేను ఏళ్ళ తరబడి క్లాసులో దీనితో పోట్లాడాను.

ముందు నిర్వచనం సంగతి చూద్దాం. 1644లో వచ్చిన 'తత్వశాస్త్ర సూత్రాలు' మొదటి భాగంలో డెకార్ట్ ద్రవ్యం అంటే ఏమిటో చెప్పాడు: తాను ఉండటానికి మరి దేనిమీదా ఆధారపడకుండా ఉండేది. వెంటనే తనే ఒప్పుకున్నాడు, ఈ లెక్కన అసలైన ద్రవ్యం దేవుడొక్కడే అని. ఎందుకంటే మిగతావన్నీ దేవుడు నిలబెడితేనే నిలుస్తాయి. మనసు, శరీరం ద్రవ్యాలు అనడంలో అర్థం, వాటికి దేవుడి ఊత తప్ప వేరేది అక్కర్లేదని.

ఈ ఒక్క పేరా గుర్తు పెట్టుకో. తర్వాతి యాభై ఏళ్ళలో జరిగిందంతా దీన్ని గట్టిగా పట్టుకున్నందువల్ల జరిగింది. 'మరి దేనిమీదా ఆధారపడకుండా' అన్న మాటను పూర్తిగా నమ్మితే స్పినోజా వస్తాడు. 'దేవుడు నిలబెడితేనే నిలుస్తాయి' అన్నదాన్ని పూర్తిగా నమ్మితే మాల్‌బ్రాంష్ వస్తాడు. ద్రవ్యం తనలోనే సంపూర్ణంగా ఉండాలి అన్నదాన్ని పట్టుకుంటే లైబ్నిజ్ వస్తాడు. మనసు-శరీరం గొడవ లేకపోయినా ఈ ముగ్గురూ అక్కడికే చేరేవాళ్ళు. నా అభిప్రాయం ఇది.

వెన్నెల_వాకిలి
మాస్టారూ, సగం ఒప్పుకుంటాను. ఆ గొడవను మరీ అంత చిన్నది చేయకండి. దాన్ని లేవనెత్తిన మనిషి గురించి ఎవరూ మాట్లాడటం లేదు, అందుకే రాస్తున్నాను.

బొహీమియా యువరాణి ఎలిజబెత్. రాజ్యం పోయిన కుటుంబంతో హేగ్‌లో తలదాచుకుని ఉంది. 1643 మేలో డెకార్ట్‌కు ఉత్తరం రాసింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్ళు. ఆమె అడిగింది సూటిగా ఉంటుంది: ఒక వస్తువు కదలాలంటే దాన్ని ఏదో ఒకటి నెట్టాలి, నెట్టాలంటే తగలాలి, తగలాలంటే ఆ నెట్టేదానికి విస్తారం ఉండాలి, అంటే అది కొంత చోటు ఆక్రమించాలి. ఆత్మకు విస్తారమే లేదని మీరే అంటున్నారు కదా, మరి అది శరీరాన్ని ఎలా కదిలిస్తుంది?

డెకార్ట్ జవాబు ఏమిటంటే, ఆత్మకు ఒక మూల భావన, శరీరానికి ఒకటి, రెండింటి కలయికకు మూడోది ఉన్నాయట. ఆ మూడోదాన్ని మొదటి రెండింటితో కొలవకూడదట. రాయి బరువు రాయిని కిందికి లాగుతుందని అనుకునేటప్పుడు, బరువు రాయిని తగిలి నెడుతోందని మనం అనుకోం కదా, అలాగే ఇదీ అన్నాడు. బరువు అనే అలాంటి గుణం లేనే లేదని తనే వాదించిన మనిషి! ఎలిజబెత్ అది పట్టుకుంది. విస్తారం లేనిది శరీరాన్ని కదిలిస్తుందని ఒప్పుకోవడం కన్నా, ఆత్మకే విస్తారం ఉందని ఒప్పుకోవడం నాకు సులువు అని తిరిగి రాసింది. తర్వాతి ఉత్తరంలో డెకార్ట్ ఆ కలయిక ఇంద్రియాలకే బాగా తెలుస్తుందని, ధ్యానం మానేసి మామూలు జీవితంలో, మామూలు మాటల్లో ఉంటే అర్థమవుతుందని చెప్పాడు.

గైడులో ఆమె పేరుందా సత్తి గారూ?

సివిల్స్_సత్తి
లేదండి. డెకార్ట్ పక్కన పీనియల్ గ్రంథి బొమ్మ మాత్రం ఉంది, ఆత్మ శరీరంతో కలిసేది మెదడులోని ఆ గ్రంథి దగ్గరే అన్నాడట.

అయితే మీరు చెప్పినదాన్ని బట్టి గైడు కరెక్టే కదా? ఆమె ప్రశ్నకు జవాబు చెప్పలేక మిగతావాళ్ళు దేవుణ్ణి తెచ్చారనే కదా?

రిటైర్డ్_లెక్చరర్
కాదు. రెండు సంగతులు చెబుతాను.

ఒకటి, డెకార్ట్ దీన్ని సమస్యగా ఒప్పుకోనే లేదు. ఆ కాలపు ఫ్రెంచి తత్వవేత్త గసాండీ కూడా ఇదే ఆక్షేపణ చేశాడు. 'ధ్యానాలు' ఫ్రెంచి అనువాదం 1647లో వచ్చినప్పుడు దానితోపాటు అచ్చయిన ఉత్తరంలో డెకార్ట్ ఏమన్నాడంటే, రెండు ద్రవ్యాల స్వభావాలు వేరైనంత మాత్రాన ఒకదానిమీద ఒకటి పనిచేయలేవు అన్న ఊహే తప్పు, దాన్ని ఎవరూ రుజువు చేయలేరు అని. అది మొండితనం కాదు, వాదన. కారణానికీ కార్యానికీ పోలిక ఉండాలని ఎవరు చెప్పారు?

రెండు, మాల్‌బ్రాంష్. ఆయన 'సత్యాన్వేషణ' 1674, 75ల్లో వచ్చింది. అందులో కారణం అంటే ఏమిటో చెప్పాడు: అది ఉంటే ఫలితం ఉండి తీరాలి, ఆ తప్పనిసరి బంధం మన బుద్ధికి కనబడాలి. అప్పుడే అది నిజమైన కారణం. ఇప్పుడు ఒక బంతి మరో బంతిని కొట్టింది. మొదటిది కదిలితే రెండోది కదిలి తీరాలన్నది బంతిని ఎంత చూసినా అందులో కనబడదు. బంతి అంటే ఆకారం, కొలత, చోటు. అంతే. అందులో శక్తి ఎక్కడుంది? అలాంటి తప్పనిసరి బంధం ఒక్కచోటే కనిపిస్తుంది: సర్వశక్తిమంతుడు తలచాడు, అయింది. ఆయన తలచీ అవకపోవడం అసాధ్యం.

చూశావా? ఈ వాదనలో మనసు ఊసే లేదు. రెండు బంతుల మధ్యే సంబంధం తెగిపోయింది. ఎలిజబెత్ ప్రశ్నకు అతుకు వేయడమే పని అయితే బంతుల జోలికి ఎందుకు పోతాడు?

ఫిజియో_పద్మ
నాకు తత్వశాస్త్రం పెద్దగా రాదు, కానీ చెయ్యి లేవడం నా వృత్తి కాబట్టి రాస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్ళు మొదటి రోజుల్లో "ఎత్తుతున్నానమ్మా, లేవట్లేదు" అంటారు. వాళ్ళు ప్రయత్నించడం ఆపలేదు. సంకల్పంలో ఏ లోటూ లేదు. మధ్యలో దారి తెగింది, అంతే. సంకల్పం కదలికను పుట్టిస్తున్నట్టు మనకు లోపల తెలుస్తుందని అంటారు కదా, ఆ తెలియడం వాళ్ళకూ ఉంది, కదలిక లేదు.

ఇంకోటి. చెయ్యి తీసేసినవాళ్ళకు లేని వేళ్ళలో నొప్పి రావడం నేను చూశాను. ఇది డెకార్ట్ రాశాడని ఎవరో చెబితే వెతికి చదివాను. కుళ్ళిన చెయ్యి తీసేసిన ఒక అమ్మాయి, వైద్యుడు వచ్చినప్పుడల్లా కళ్ళకు గంతలు కట్టేవారు, చెయ్యి తీసేశారని ఆమెకు తెలియదు, ఒక్కో వేలూ నొప్పి పుడుతోందని చెప్పింది అని 'సూత్రాలు' చివరి భాగంలో ఉంది. 'ధ్యానాలు' ఆరోదానిలో తాడు ఉదాహరణ కూడా ఉంది. పాదం నుంచి మెదడు దాకా నరం తాడులాగా ఉంటే, మధ్యలో ఎక్కడ లాగినా మెదడు దగ్గర ఒకే కదలిక వస్తుంది, మనసు దాన్ని పాదంలో నొప్పిగానే తెలుసుకుంటుంది. ఆ కాలానికి ఇంత స్పష్టంగా రాయడం నాకు ఆశ్చర్యం.

వెన్నెల_వాకిలి
పద్మగారూ, అదే ధ్యానంలో జలోదరం (ఒంట్లో నీరు చేరే జబ్బు) వచ్చిన రోగి కూడా ఉన్నాడు. నీళ్ళు తాగితే ప్రమాదం, కానీ గొంతు ఎండుతుంది, దాహం వేస్తుంది. దేవుడు మంచివాడైతే ఇంద్రియాలు ఎందుకు మోసం చేస్తున్నాయి? డెకార్ట్ జవాబు: ఒక కదలికకు ఒక అనుభూతే జత చేయగలిగినప్పుడు, ఎక్కువ మందికి, ఎక్కువసార్లు మేలు చేసే అనుభూతినే దేవుడు జత చేశాడు. ఇంద్రియాలు ఉన్నది లోకం ఎలా ఉందో చెప్పడానికి కాదు, శరీరానికి ఏది మంచో ఏది చెడో చెప్పడానికి.

మీరు చెప్పిన పక్షవాతం సంగతి మాత్రం ఏకంగా మాల్‌బ్రాంష్ వాదనే. చెయ్యి కదలాలంటే ఏ నరంలోకి ఏ ప్రవాహం వెళ్ళాలో తెలియాలి కదా, శరీర నిర్మాణం తెలియనివాళ్ళు కూడా చెయ్యి ఎత్తేస్తున్నారు, కాబట్టి ఎత్తుతున్నది వాళ్ళు కాదు అంటాడు. అదే కాలపు ఇంకో తత్వవేత్త గ్యూలింక్స్ అయితే దీన్ని సూత్రం చేసేశాడు: ఎలా చేయాలో నీకు తెలియని పనిని నువ్వు చేయడం లేదు.

కాకినాడ_కాజా
ఇది ఎక్కడి న్యాయమండీ! ఇంజన్‌లో ఏం జరుగుతుందో నాకు తెలియదు, బండి నడపట్లేదా?

వెన్నెల_వాకిలి
బండిని లాగుతున్నది ఇంజనా, మీరా? మీరు తాళం తిప్పారు, ఇంజన్ పనిచేసింది. మీ సంకల్పం సందర్భం మాత్రమే, అసలు కారణం దేవుడు అని మాల్‌బ్రాంష్ అన్నది అచ్చం ఇదే. మీ ఉదాహరణ చూస్తే మాల్‌బ్రాంష్ మిమ్మల్ని శిష్యుడిగా చేర్చుకుంటాడు.

కాకినాడ_కాజా
చిక్కిపోయాను. కానీ తాళం తిప్పింది నేనే కదా!

వెన్నెల_వాకిలి
తాళం తిప్పడానికి వేళ్ళు కదలాలి. ఇప్పుడు ఆ వేళ్ళ సంగతి చెప్పండి.

పాతబస్తీ_పుస్తకాలు
మధ్యలో ఒక మాట. ఇది ఐరోపావాళ్ళు మొదటిసారి కనిపెట్టింది కాదు. 11వ శతాబ్దం చివర్లో ఇస్లామిక్ పండితుడు అల్ ఘజాలీ తత్వవేత్తలను ఖండిస్తూ రాసిన గ్రంథంలో నిప్పు, దూది ఉదాహరణ ఉంది. నిప్పు తగిలింది, దూది కాలింది. మనం చూసింది తగిలినప్పుడు కాలడమే, తగలడం వల్ల కాలడాన్ని ఎవరూ చూడలేదు అంటాడు. డెకార్ట్ పుట్టడానికి ఐదు వందల ఏళ్ళ ముందు మాట. అక్కడ డెకార్ట్ ద్వైతమూ లేదు, ఎలిజబెత్ ప్రశ్నా లేదు. మాస్టారు చెప్పినదానికి ఇంకో రుజువు అనుకోండి.

రిటైర్డ్_లెక్చరర్
చాలా మంచి రుజువు. దీనికి నిరంతర సృష్టి వాదాన్ని కూడా కలుపుకోండి. దేవుడు లోకాన్ని నిలబెట్టడమంటే క్షణక్షణం మళ్ళీ సృష్టించడమే అని డెకార్ట్ మూడో ధ్యానంలో అన్నాడు. 1688లో మాల్‌బ్రాంష్ సంభాషణల్లో దీన్ని చివరిదాకా లాగాడు. దేవుడు కుర్చీని సృష్టిస్తే ఏదో ఒక చోట సృష్టించాలి. ఇక్కడా కాదు, అక్కడా కాదు అన్నట్టు సృష్టించలేడు. తర్వాతి క్షణంలో అరడుగు అవతల సృష్టించాడనుకో, కుర్చీ జరిగిందన్నమాట. ఇక నువ్వు తోయడానికి మిగిలిందేమిటి సత్తీ?

సివిల్స్_సత్తి
ఇది చదివాక కాసేపు మాట రాలేదు. కుర్చీ ఎక్కడో ఒక చోట ఉండాల్సిందే అన్న చిన్న మాటతో నా తోపుడు మొత్తం ఎగిరిపోయింది.

మరి చూడటం, వినడం సంగతి? వస్తువు నా మీద పనిచేయకపోతే నాకు ఎలా కనబడుతుంది?

వెన్నెల_వాకిలి
మాల్‌బ్రాంష్ దాన్నీ వదలలేదు. సూర్యుణ్ణి చూడటానికి ఆత్మ శరీరం వదిలి ఆకాశంలో షికారు చేసి రాదు కదా అంటాడు. సూర్యుడూ వచ్చి ఆత్మలో దూరడు. కాబట్టి మనసుకు నేరుగా అందేది సూర్యుడి భావన. ఆ భావన ఉండేది దేవుడిలో. రంగు, వేడి, నొప్పి మాత్రం మనలోనే పుట్టే మార్పులు, అవి దేవుడిలో ఉండవు. గుండ్రదనం, కొలత లాంటివి మాత్రం మనం దేవుడిలో చూస్తాం. రేఖాగణితం అందరికీ ఒకటే ఎందుకైందంటే, అందరూ చూస్తున్నది ఒకే చోట కాబట్టి. ఈ చివరి మాట నాకు అన్నిటికన్నా ఇష్టం.

ఫ్రెంచి తత్వవేత్త ఆర్నో దీన్ని 1683లో ఉతికి ఆరేశాడు. భావన అంటే చూడటమనే పనే, చూసేవాడికీ చూడబడేదానికీ మధ్య అడ్డంగా నిలబడే మూడో వస్తువు కాదు అన్నాడు. నేను ఆర్నో వైపే. కానీ అందరికీ ఒకే త్రిభుజం ఎలా అందుతోంది అన్న ప్రశ్నకు ఆర్నో దగ్గర అంత అందమైన జవాబు లేదు.

హేగ్‌లో_తెలుగోడు
స్పినోజా ఊసెత్తకుండా ఇంత దూరం వచ్చారేంటి? ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చాకే నేను ఆయన్ని చదవడం మొదలుపెట్టాను. ఆయన చివరి రోజులు గడిపిన వీధిలో ఇప్పుడు విగ్రహం ఉంది. 1677లో ఇక్కడే పోయాడు. 'ఎథిక్స్' అదే ఏడాది, ఆయన పోయాక అచ్చయింది.

మాస్టారు చెప్పిన నిర్వచనాన్ని ఆయన ఇంకాస్త బిగించాడు. తనలో తానుండేది, వేరే దేని భావన అవసరం లేకుండానే అర్థమయ్యేది ద్రవ్యం. ఈ 'అర్థమయ్యేది' అన్నదే కీలకం. దానికి తోడు, ఫలితాన్ని తెలుసుకోవడం కారణాన్ని తెలుసుకోవడం మీదే ఆధారపడుతుంది అని ఇంకో సూత్రం పెట్టాడు. ఈ రెండూ ఒప్పుకున్నామా, ఒక ద్రవ్యం ఇంకో ద్రవ్యానికి కారణం కాలేదు. అయితే రెండోదాన్ని అర్థం చేసుకోవడానికి మొదటిది కావాలి, అప్పుడు రెండోది ద్రవ్యమే కాదు. అక్కడి నుంచి మొదటి భాగం 14వ ప్రతిపాదన దాకా వస్తే దేవుడు తప్ప వేరే ద్రవ్యం లేదు.

ఇక మనసు, శరీరం. మూడో భాగం 2వ ప్రతిపాదన చూడండి. శరీరం మనసును ఆలోచింపజేయలేదు, మనసు శరీరాన్ని కదిలించలేదు. రెండూ ఒకే సంగతి, ఆలోచన, విస్తారం అనే రెండు లక్షణాల కింద. దాని వివరణలో ఆయన అడిగిన మాట నన్ను వదలదు: శరీరం తన నియమాలతో తాను ఏమేం చేయగలదో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. నిద్రలో నడిచేవాళ్ళు, మెలకువగా ఉంటే సాహసించని పనులు చేస్తారు కదా అంటాడు. ఐదో భాగం ముందుమాటలో పీనియల్ గ్రంథిని పట్టుకుని, స్పష్టంగా తెలియనిదేదీ చెప్పనని ఒట్టేసిన డెకార్ట్ ఇంత నిగూఢమైన ఊహను ఎలా చేశాడని చీల్చి చెండాడాడు.

చూడటం గురించి కూడా ఉంది. సూర్యుడు మనకు దాదాపు 200 అడుగుల దూరంలో ఉన్నట్టు అనిపిస్తాడు. అసలు దూరం తెలిసినా అలాగే అనిపిస్తాడు. ఎందుకంటే ఆ అనిపించడంలో ఉన్నది సూర్యుడి సంగతి ఒక్కటే కాదు, నా శరీరం సంగతి కూడా.

అనంతపురం_అద్వైతి
ఇదంతా మన అద్వైతమే కదా. బ్రహ్మం ఒక్కటే సత్యం. ఆయన ఐరోపాలో పుట్టిన శంకరుడు.

హేగ్‌లో_తెలుగోడు
ఒక్కటే అన్నంత వరకు సరే. ఆ తర్వాత దారులు వేరు. స్పినోజాకు ఈ కుర్చీ మిథ్య కాదు, అది దేవుడి ఒక నిజమైన దశ, అంటే దేవుడు ఉండే ఒక తీరు. విస్తారం అనేది దేవుడి లక్షణమే. కార్యకారణ సంబంధం ఆయన దగ్గర అవిద్య కాదు, అదే అసలు సత్యం. ప్రతిదీ దేవుడి స్వభావం నుంచి తప్పనిసరిగా వస్తుంది, త్రిభుజం స్వభావం నుంచి దాని కోణాల మొత్తం వచ్చినట్టు. శంకరుడు ఈ మాట ఒప్పుకోడు.

అనంతపురం_అద్వైతి
వ్యావహారికంలో శంకరుడూ కార్యకారణాలు ఒప్పుకుంటాడు. పరమార్థంలో స్పినోజాకు కూడా కాలం, సంఖ్య అనేవి ఊహలే అని చదివాను. మీరు అన్నంత దూరం లేదనే నా నమ్మకం.

హేగ్‌లో_తెలుగోడు
కాలం, సంఖ్య గురించి మీరన్నది నిజమే. కుర్చీ గురించి మాత్రం నేను వెనక్కి తగ్గను.

లెక్కల_టీచరమ్మ
లైబ్నిజ్ కోసం ఎదురుచూస్తున్నాను, ఎవరూ రావట్లేదు కాబట్టి నేనే రాస్తాను. సత్తీ, ఇది జాగ్రత్తగా చదువు, లెక్కతో మొదలవుతుంది.

లోకంలో చలనం మొత్తం మారదని డెకార్ట్ అన్నాడు. ఆయన లెక్కలో చలనం అంటే పరిమాణం ఇంటూ వేగం. లైబ్నిజ్ 1686లో ఒక చిన్న వ్యాసంలో దీన్ని కూలదోశాడు. 1 పౌను వస్తువు 4 మూరల ఎత్తు నుంచి పడుతుంది. 4 పౌన్ల వస్తువు 1 మూర ఎత్తు నుంచి పడుతుంది. రెండింటినీ మళ్ళీ పైకి ఎత్తడానికి ఒకే బలం కావాలి, ఇది డెకార్ట్ వైపువాళ్ళూ ఒప్పుకుంటారు. గెలీలియో లెక్క ప్రకారం కిందికి వచ్చేసరికి మొదటిదాని వేగం 2 అయితే రెండోదాని వేగం 1. డెకార్ట్ పద్ధతిలో గుణిస్తే మొదటిదానికి 2, రెండోదానికి 4. సమానం కాలేదు. వేగాన్ని వర్గం చేసి గుణించు: 4, 4. సరిపోయింది.

దీని నుంచి ఆయన తీసినది భౌతికశాస్త్రం ఒక్కటే కాదు. బలం అన్నది ఆకారంలో, కొలతలో లేదు. కాబట్టి విస్తారమే వస్తువు సారం అన్న డెకార్ట్ మాట తప్పు. పైగా విస్తారం ఉన్నదాన్ని ఎంతైనా ముక్కలు చేయవచ్చు, అది ఎప్పుడూ కుప్పే. నిజంగా ఒకటి కానిది నిజంగా ఉన్నది కూడా కాదు అని ఆర్నోకు రాశాడు. కుప్ప ఉండాలంటే ముక్కలు కానివి ఉండాలి. వాటికే తర్వాత మొనాడ్ అని పేరు పెట్టాడు. ముక్కలు లేనిదాని లోపలికి బయటి నుంచి ఏదీ వచ్చి చేరలేదు, ఏదీ బయటికి పోలేదు. 1714లో రాసిన 'మొనాడాలజీ'లో వాటికి కిటికీలు లేవు అన్నది అందుకే.

ఇంకో దారి కూడా ఉంది. ఏ మాటైనా నిజమైతే, చెప్పిన సంగతి ఎవరి గురించి చెప్పామో వాళ్ళ భావనలోనే ఉండాలి. రోమన్ సేనాని సీజర్ రూబికాన్ నది దాటాడన్నది సీజర్ సంపూర్ణ భావనలో ఉంది. అయితే సీజర్‌కు జరిగేదంతా సీజర్ లోంచే వస్తోంది. బయటివాళ్ళు చేర్చగలిగిందేమీ లేదు.

ఇందులో పీనియల్ గ్రంథి ఎక్కడైనా అవసరమైందా? లేదు. గైడు తప్పు.

వెన్నెల_వాకిలి
టీచరమ్మా, గైడు తరఫున ఒక సాక్ష్యం చూపించనివ్వండి. 1695లో లైబ్నిజ్ తన కొత్త వ్యవస్థను పారిస్ పత్రికలో అచ్చు వేయించాడు. అందులో ఆయనే రాశాడు: ద్రవ్యం సంగతి తేల్చాక రేవు చేరాననుకున్నాను, ఆత్మకూ శరీరానికీ కలయిక గురించి ఆలోచించడం మొదలుపెట్టేసరికి మళ్ళీ నడి సముద్రంలోకి విసిరేసినట్టయింది అని. ఆయన నోటితో ఆయనే చెబుతుంటే కాదని ఎలా అంటాం?

లెక్కల_టీచరమ్మ
అది పాఠకుల కోసం కథ నడిపిన తీరు. ద్రవ్యాలు ఒకదానిమీద ఒకటి పనిచేయవన్న ముగింపు 1686 నాటి 'తత్వ ప్రసంగం'లో, ఆర్నో ఉత్తరాల్లో అప్పటికే ఉంది.

వెన్నెల_వాకిలి
ఉంది. అదే 'ప్రసంగం'లో, ఆత్మ శరీరాల కలయిక అనే పెద్ద రహస్యం దీనితో విడిపోతుందని సంబరపడ్డ పేరా కూడా ఉంది. ఆ సమస్య మనసులో లేని మనిషి అలా రాయడు.

రిటైర్డ్_లెక్చరర్
ఆ సమస్య తీరిందని సంబరపడటం వేరు, ఆ సమస్య కోసమే సిద్ధాంతం కట్టడం వేరు. సత్తీ, పరీక్షలో ఇద్దరి మాటా రాయి, ఆ 1695 వాక్యం తప్పకుండా రాయి.

సివిల్స్_సత్తి
రాసుకున్నాను సర్. ఒకటి అడగాలి. బయటి నుంచి ఏమీ రాకపోతే కర్ర దెబ్బ తగిలినప్పుడు నొప్పి ఎలా? ముందే లోపల ఉందా?

పాతబస్తీ_పుస్తకాలు
ఈ ప్రశ్న ఆ కాలపు ఫ్రెంచి తత్వవేత్త పియర్ బేల్ అడిగాడు తమ్ముడూ. 1697 నాటి ఆయన నిఘంటువులో రొరారియస్ అనే పేరు కింద నోట్సులో ఉంటుంది. కుక్క ఆకలి మీద రొట్టె తింటోంది. వెనక నుంచి ఒకడు కర్రతో కొట్టాడు. సుఖం నుంచి ఒక్కసారిగా బాధ. కర్ర వల్ల అంటే అర్థమవుతుంది. కర్ర లేకపోయినా, రొట్టె హాయిగా తింటున్నా సరే, ఆ క్షణానికి ఆ కుక్క ఆత్మ బాధపడేలా తయారై ఉందంటే ఎలా నమ్మాలి?

లెక్కల_టీచరమ్మ
దీనికి లైబ్నిజ్ చెప్పిన జవాబులోనే ఆయన ప్రత్యక్ష (చూడటం, వినడం లాంటి తెలియడం గురించిన) సిద్ధాంతమంతా ఉంది. సముద్రం హోరు వింటున్నామంటే ఒక్కో అల చప్పుడూ ఎంతో కొంత వింటున్నట్టే, లేకపోతే లక్ష సున్నాలు కలిసి హోరు కాలేవు. మనం గమనించని చిన్న చిన్న అనుభూతులు మనలో అనంతంగా ఉన్నాయి. కుక్క రొట్టె తింటున్నప్పుడే కర్ర ఎత్తిన మనిషి ఉనికి ఆ కుక్క ఆత్మలో మసకగా ఉంది. ఆ మసక నుంచే బాధ వచ్చింది. అంటే ద్రవ్యాల మధ్య కార్యకారణం పోయింది కానీ, ఒక ద్రవ్యం లోపల ఒక స్థితి నుంచి తర్వాతి స్థితి రావడంలో పూర్తిగా నిలిచింది. సత్తి మొదటి పోస్టులో కార్యకారణాలన్నీ రద్దు చేశాడన్నది అందుకే ఒప్పుకోను. రద్దు చేయలేదు, లోపలికి మార్చాడు.

దీనికి తోడు మర ఉదాహరణ. ఆలోచించే యంత్రాన్ని పిండి మర అంత పెద్దది చేసి లోపలికి వెళ్ళి చూడు. ఒకదాన్నొకటి తోసే ముక్కలే కనిపిస్తాయి, అనుభూతి ఎక్కడా కనబడదు. ఇప్పటి కంప్యూటర్ల గురించి మాట్లాడేవాళ్ళంతా ముందు ఆ పేరా చదవాలి.

ఫిజియో_పద్మ
కుక్కకు కర్ర మసకగా ముందే తెలుసన్నది నాకు నచ్చలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో యాక్సిడెంట్ అయినవాళ్ళు ఎంతో మంది. వాళ్ళకు ఆ లారీ ముందే మసకగా తెలుసా?

లెక్కల_టీచరమ్మ
లైబ్నిజ్ ప్రకారం తెలుసు. లోకం మొత్తం ప్రతి మొనాడ్‌లో ఉంది, ఒక్కోదాని కోణం నుంచి. గమనించడం వేరు, తెలియడం వేరు అని ఆయన అందుకే విడదీశాడు.

ఫిజియో_పద్మ
అది జవాబే, కానీ వాళ్ళ ముందు ఆ మాట నేను అనలేను.

కాకినాడ_కాజా
నేను పద్మగారి వైపు. నా ఓటు స్పినోజాకి, కనీసం అక్కడ దేవుడు ముందుగా లారీ టైమింగ్ సెట్ చేసి కూర్చోలేదు.

హేగ్‌లో_తెలుగోడు
సెట్ చేయలేదు, కానీ లారీ ఆ నిమిషానికి రాకుండా ఉండటం అక్కడ అసాధ్యం. చూసుకుని ఓటెయ్యండి.

పాతబస్తీ_పుస్తకాలు
సత్తి తమ్ముడికి ఒక చేర్పు. తర్వాత హ్యూమ్ చాప్టర్ చదువుతావు కదా. 1739లో అనుభవవాది అయిన ఆయన రెండు బంతుల మధ్య తప్పనిసరి బంధం కనబడదంటాడు. అది మాల్‌బ్రాంష్ వాదనలో సగం. దేవుడి సంకల్పంలో కనబడుతుందన్న మిగతా సగాన్ని హ్యూమ్ వదిలేశాడు, దేవుడి శక్తి గురించి కూడా మనకేమీ తెలియదు కదా అని. హేతువాదులు, అనుభవవాదులు అని గైడులో రెండు జట్లుగా విడగొట్టి ఉంటారు. ఈ ఒక్క వాదన ఆ గీత దాటి వెళ్ళిందని రాస్తే మార్కులు పడతాయి.

సివిల్స్_సత్తి
అందరికీ థాంక్స్. ద్రవ్యం నిర్వచనంతో మొదలుపెట్టి, దాని నుంచి కార్యకారణం, దాని నుంచి ప్రత్యక్షం, చివర్లో మనసు-శరీరం అన్న వరసలో జవాబు రాస్తున్నాను. ఎలిజబెత్‌కు ఒక పేరా ఇస్తాను. రాసి ఇక్కడే పెడతాను, దిద్దండి.

హేగ్ అన్నా, లారీ రాకుండా ఉండటం అసాధ్యమైతే స్పినోజా దగ్గర స్వేచ్ఛ అనే మాటకు అర్థమేంటి? సిలబస్‌లో అది కూడా ఉంది.

హేగ్‌లో_తెలుగోడు
దానికి 1674లో ఆయన రాసిన ఉత్తరం చదువు. విసిరిన రాయికి గాల్లో ఉండగా స్పృహ వస్తే, తన ఇష్టంతోనే ఎగురుతున్నానని అనుకుంటుందంటాడు. కొత్త చర్చ తెరువు, అక్కడ రాస్తాను. ఇక్కడే మొదలుపెడితే అద్వైతిగారు, నేను ఈ పేజీ మొత్తం ఆక్రమించేస్తాం.

అనంతపురం_అద్వైతి
తెరవండి, నేను సిద్ధం.